కీమో రోజుల్లో బుర్ర మసకబారితే: ఘర్రాఫా ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

కీమో పూర్తి చేసుకున్న 20 మంది ఆడవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి, "మందు మొదలుపెట్టకముందు ఉన్నంత జ్ఞాపకం, ఏకాగ్రత ఇప్పుడు ఉన్నాయా?" అని అడిగితే, 9 మంది "లేవు, బాగా తగ్గాయి" అంటారు. అదే వయసులో ఉండి, క్యాన్సర్ లేని మరో 20 మందిని అడిగితే ఆ మాట అనేది ఇద్దరే. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 581 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను, 364 మంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్లను పోల్చి 2017లో ప్రచురించిన లెక్క ఇది. అసలు అంకెలు 45.2 శాతం, 10.4 శాతం. వాటిని 20 మంది పట్టే గదికి కుదించి చెప్పానంతే.

దోహా పక్కనే, అల్ రయ్యాన్ మున్సిపాలిటీలో ఉన్న అల్ ఘర్రాఫాలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే, సాధారణంగా వైద్యం హమద్ మెడికల్ కార్పొరేషన్ నడిపే జాతీయ క్యాన్సర్ వైద్య, పరిశోధన కేంద్రంలోనే. 2004లో అల్ అమల్ ఆసుపత్రిగా మొదలైంది కాబట్టి పాతకాపులు ఇప్పటికీ "అమల్" అనే అంటారు. వాంతులవుతాయని, జుట్టు రాలుతుందని, తెల్లకణాలు తగ్గుతాయని మనవాళ్లు ముందే తెలుసుకుని వెళ్తారు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతుందని, బీరువా తలుపు తెరిచి ఎందుకు తెరిచామో తెలియక నిలబడిపోతామని, పక్కింటావిడ పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోతుందని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. దాంతో అది మొదలవగానే భయం పట్టుకుంటుంది. డాక్టరుతో చెబితే ఏమనుకుంటారోనని నోరు విప్పరు. ఇంట్లోవాళ్లేమో "మనసు బాగోలేక అలా ఉంది" అని సర్దిచెబుతారు.

డాక్టర్లు దీన్ని క్యాన్సర్ సంబంధిత జ్ఞాన లోపం అని రాస్తారు. అంటే జ్ఞాపకం, ధ్యాస, ఆలోచనా వేగం, మాట తట్టడం, ఈ నాలుగింట్లో ఒకటో రెండో మందగించడం. రోగులు వాడే పేరు కీమో బ్రెయిన్. ఇది అల్జీమర్స్‌కు తొలి మెట్టు కాదు. తెలివి పోవడమూ కాదు. నేర్చుకున్న వంట, చదువు, భాష, పిల్లల చిన్ననాటి సంగతులు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఈ క్షణంలో చేస్తున్న పనిని పట్టుకుని ఉండటమే కష్టమవుతుంది.

"కీమో మందే కదా కారణం, ఆపేస్తే పోతుంది కదా" అనేది మొదట వచ్చే సందేహం. అంత సులువుగా తేలదు. ఈ రంగంలోని అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు మూడు అంకెలు చెబుతారు. వైద్యం మొదలుకాకముందే 30 శాతం దాకా, వైద్యం నడుస్తుండగా 75 శాతం దాకా, అయిపోయిన నెలలు, ఏళ్ల తర్వాత 35 శాతం దాకా ఈ ఇబ్బంది కనిపించింది. మన 20 మంది గదిలో అయితే ముందు 6, మధ్యలో 15, తర్వాత 7. ఇవన్నీ పై అంచులు, సగటులు కావు. ఎవరిని, ఏ పరీక్షతో కొలిచారన్నదాన్ని బట్టి మారతాయి. మొదటి అంకె దగ్గర కాస్త ఆగండి. ఒక్క చుక్క మందు ఎక్కకముందే ఆరుగురు దాకా ఇబ్బంది పడుతున్నారంటే జబ్బు, దానివల్ల ఒంట్లో రేగే వాపు, ఆపరేషను, మత్తుమందు, నిద్ర లేకపోవడం, భయం అన్నీ ఇందులో ఉన్నట్టే. ఇది మనకు మంచి వార్తే. కారణాలు చాలా ఉన్నప్పుడు సరిచేయగలిగినవీ కొన్ని ఉంటాయి. కీమోను మాత్రం ఈ కారణంతో సొంతంగా ఆపకండి, వాయిదా వేయకండి.

ఇక మందు చేసే పని. చాలా కీమో మందులు మెదడులోకి నేరుగా పెద్దగా వెళ్లవు. అయినా ఒంట్లో అవి రేపే వాపు తాలూకు రసాయనాల ప్రభావం మెదడును తాకుతుంది. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2018 డిసెంబరులో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇచ్చాక మెదడులోని కాపలా కణాలు రెచ్చిపోయి, నరాల తీగల చుట్టూ కొవ్వు పొరను కట్టే కణాల పనిని చెడగొట్టాయి. ఆ పొర పలచబడితే సంకేతం నెమ్మదిస్తుంది. ఎలుకల్లో తేలిందంతా మనుషులకు వర్తించదు కానీ, "ఇదంతా నీ ఊహ" అనేవాళ్లకు చెప్పడానికి ఇది చాలు.

"మరి ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే బాగానే వచ్చిందే?" ఈ మాట చాలామందిని కుంగదీస్తుంది. పరీక్ష నిశ్శబ్దమైన గదిలో, ఒక్కో ప్రశ్న చొప్పున జరుగుతుంది. ఇల్లు అలా ఉండదు. అప్పటికప్పుడు మనసులో పెట్టుకునే విషయాలకు మెదడులో ఉన్న చోటు వంటగట్టు లాంటిది, దాని మీద పట్టే గిన్నెలు కొన్నే. ఆ లెక్క 7 అని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త అంచనా కట్టారు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని సుమారు 4కు దించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే నాలుగు! ఇప్పుడు ఖతర్ జీవితం అడిగేవి చూడండి. ఫోన్ నంబరు 8 అంకెలు, రెసిడెన్సీ కార్డు నంబరు 11 అంకెలు, ప్రభుత్వ సేవల మెట్రాష్ యాప్‌కో బ్యాంకుకో వచ్చే ఓటీపీ. అది చదివి టైపు చేసేలోపు పిల్లవాడు "అమ్మా, నా నీళ్ల బాటిల్ ఏదీ?" అంటాడు. గట్టు మీది గిన్నె ఒకటి కింద పడుతుంది. కీమో రోజుల్లో ఆ గట్టు కాస్త ఇరుకవుతుంది. పరీక్ష గదిలో ఒక్క గిన్నే పెడతారు కాబట్టి ఆ ఇరుకు బయటపడదు.

ఇక సరిచేయగలిగిన కారణాలు. ముందుగా రక్తం. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలంటారు. కీమోలో అది 9కి పడిందనుకుందాం. ఒక్కో చెంచా రక్తం మోసుకెళ్లగల ఆక్సిజన్ పాతిక శాతం తగ్గినట్టే. మెట్లెక్కితే ఆయాసం వస్తే అందరికీ అర్థమవుతుంది, అదే లోటుతో బుర్ర మందగిస్తే అర్థం కాదు. ప్రతి డ్రిప్పుకు ముందు రక్తపరీక్ష ఎలాగూ చేస్తారు. ఆ కాగితంలో ఈ ఒక్క అంకెనైనా చూసుకుని, "ఇది నా మతిమరుపుకు కారణమా?" అని అడగండి. అదే సందర్భంలో థైరాయిడ్, విటమిన్ బి12, సోడియం, చక్కెర చూశారా అనీ అడగవచ్చు. మనలో షుగరు ఉన్నవాళ్లు తక్కువేం కాదు, కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ చక్కెరను ఇంకా పెంచుతుంది.

ఆ స్టెరాయిడ్ పేరు డెక్సామెథసోన్. వాంతులు, ఎలర్జీ రాకుండా ఇస్తారు. ఒక మోతాదు ప్రభావం ఒంట్లో ఒకటిన్నర రోజుకు పైనే ఉంటుంది. సాయంత్రం వేసుకుంటే ఆ రాత్రి కళ్లు మూతపడవు. "ఈ మాత్ర ఉదయం, మధ్యాహ్నం లోపే వేసుకోవచ్చా?" అన్న ఒక్క ప్రశ్న కొందరికి సగం రాత్రి నిద్రను తిరిగి ఇస్తుంది. అడగకుండా వేళ మార్చవద్దు. కొన్ని మోతాదులు డ్రిప్పుకు ముందు ఫలానా గంటకే పడాలి.

నిద్ర గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే లెక్క బాగా మోసం చేస్తుంది. 2003లో అమెరికాలో ఆరోగ్యవంతులైన యువకులను 14 రోజుల పాటు రాత్రికి 6 గంటలే పడుకోనిచ్చి పరీక్షించారు. చివరికి వాళ్ల పనితీరు ఒకటి రెండు రాత్రులు అసలు కన్ను మూయనివాళ్ల స్థాయికి పడిపోయింది. చిత్రమేమిటంటే, అంత దిగజారామని వాళ్లకు అనిపించలేదు. జబ్బు లేని పాతికేళ్లవాళ్ల సంగతే ఇది. ఘర్రాఫాలో మన ఇళ్ల నిద్రను కోసే కత్తి ఇంకొకటుంది, గడియారం. మన ఊరికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. గుంటూరులో అత్తయ్య పొద్దున 6 గంటలకు కాఫీ తాగి, "అమ్మాయి ఎలా ఉందో" అని ఫోన్ చేస్తే ఇక్కడ తెల్లవారుజాము మూడున్నర. ప్రేమతో చేసిన ఫోనే, ఒక నిద్రచక్రం పోయినట్టే. అందరికీ ఒకే వేళ చెప్పేయండి: ఇక్కడ సాయంత్రం 6, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఇంట్లో ఒకరే ఫోన్ ఎత్తి అందరికీ సమాధానం చెప్పాలి. రోగి ఫోన్ రాత్రి వేరే గదిలో ఉండాలి. రంజాన్ నెలలో ఊరంతా అర్ధరాత్రి దాకా మేల్కొని ఉంటుంది, పని వేళలు మారతాయి. ఉపవాసం ఉన్నా లేకున్నా ఆ సందడి నిద్రను తింటుంది కనుక ఆ నెలకు వేరే పట్టిక వేసుకోవడం మేలు. ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. జబ్బుపడ్డవాళ్లకు మతంలోనే మినహాయింపు ఉంది.

నీళ్లు. ఒంటి బరువులో 2 శాతం నీరు తగ్గితే చాలు, ధ్యాస చెదురుతుంది. 60 కిలోల మనిషికి అది 1.2 లీటర్లు, అంటే అర లీటరు సీసాలు రెండున్నరలోపే. జులైలో దోహా పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. దానికి వాంతులో విరేచనాలో తోడైతే ఆ లోటు ఒక్క పూటలో వస్తుంది. మీకు రోజుకు ఎంత నీరు కావాలో నర్సును అడిగి, అన్ని సీసాలు పొద్దున్నే బల్ల మీద పెట్టేయండి. సాయంత్రానికి ఖాళీవి లెక్కపెడితే సరి, ఎంత తాగామో గుర్తుపెట్టుకునే పని తప్పుతుంది. గుండె, కిడ్నీ ఇబ్బందులున్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలతకే కట్టుబడాలి.

నడక విషయంలో ఘర్రాఫావాళ్లు అదృష్టవంతులే అనాలి. పెద్దలకు వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అని ప్రపంచమంతా చెప్పే ప్రమాణం. కీమోకు ముందు నుంచే ఆ మేరకు కదులుతూ వచ్చినవాళ్ల జ్ఞాపకం, ధ్యాస స్కోర్లు, కదలనివాళ్లకంటే మెరుగ్గా ఉన్నాయని అదే రోచెస్టర్ అధ్యయనంలోని రోగుల వివరాలు చూపించాయి. నడకే దాన్ని తెచ్చిందా, లేక ఒంట్లో బలం ఉన్నవాళ్లే నడవగలిగారా అన్నది దీంతో పూర్తిగా తేలదు, అయినా నష్టం లేని పందెం. 150 నిమిషాలంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. నెమ్మదిగా గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడిస్తే అరగంటకు 2 కిలోమీటర్లు. అల్ ఘర్రాఫా పార్కులో చల్లగాలి వీచే ఏర్పాటుతో కట్టిన నడకదారి పొడవు 657 మీటర్లు. మూడు చుట్లు తిరిగితే 1,971 మీటర్లు, లెక్క ఇంచుమించు సరిపోయింది. డ్రిప్పు వేసిన వారంలో ఒక్క చుట్టు చాలు. ఎజ్దాన్ మాల్ వరండాలూ పనికొస్తాయి కానీ, తెల్లకణాలు తగ్గిన రోజుల్లో జనం ఉన్నచోటికి వెళ్లకూడదు. జ్వరం ఉన్నా, తల తిరుగుతున్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా నడక వద్దు.

బంధువులు సుడోకు పుస్తకాలు తెచ్చిస్తారు. వాళ్ల మనసుకు నమస్కారమే, వాటివల్ల ఎంత లాభం? ఆస్ట్రేలియాలో 242 మందితో చేసిన ఒక పరిశీలన 2017లో వెలువడింది. కీమో ముగిసి కనీసం 6 నెలలైనా బుర్ర మసక తగ్గనివాళ్లు వాళ్లు. వారానికి 4 సార్లు, 40 నిమిషాల చొప్పున, 15 వారాలు కంప్యూటరు మీద శిక్షణ ఇచ్చారు. మొత్తం 40 గంటలు. చేసినవాళ్లు తమ ఇబ్బంది తగ్గిందన్నారు, అలసట, ఒత్తిడి కూడా కొంత తగ్గాయి. పరీక్షల మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా లెక్కలో ఇది చిన్న విషయం కాదు, రోజు సుఖంగా గడవడమే కదా మనకు కావలసింది. అయితే కీమో నడుస్తుండగా 40 గంటలు వెచ్చించే ఓపిక ఎవరికుంది? వైద్యం అయ్యాక చూసుకోవచ్చు. ఇప్పుడు సరదాకు ఆడుకుంటే ఆడుకోండి, మందనుకుని ఆడకండి.

మాత్రలూ లేహ్యాలూ అంటారా? కీమో మసకకని ఆమోదం పొందిన మందు ప్రస్తుతానికి లేదు. జింకో అనే చెట్టు సారాన్ని రోజుకు రెండుసార్లు 60 మిల్లీగ్రాముల చొప్పున కీమో రోగులకు ఇచ్చి చూశారు. 2013లో వచ్చిన ఫలితం: ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. సరస్వతీ లేహ్యం, బ్రాహ్మి పొడి ఊరి నుంచి ఎవరో ఒకరు తప్పక పంపుతారు. కీమో మందులను ఒంట్లోంచి పంపేది ఎక్కువగా కాలేయం, కొన్ని మూలికలూ అక్కడే పనిచేసి మోతాదును తారుమారు చేయగలవు. డబ్బాను డాక్టరుకు చూపించకుండా మూత తీయవద్దు.

అసలు పని ఇంట్లో ఉంది. తలలో మోయాల్సిన వాటిని దించి గోడ మీదికి, ఫోన్‌లోకి, ఇంకొకరి చేతికి మార్చడం. రొమ్ము క్యాన్సర్‌లో తరచూ వాడే ఒక క్రమం తీసుకుందాం: 3 వారాలకోసారి 4 డ్రిప్పులు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున 12. మొత్తం 24 వారాలు, 168 రోజులు, 16 డ్రిప్పులు. ఈ 168 గళ్లున్న కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అతికించండి. ప్రతి గడిలో మూడే రాయాలి: రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని సీసాల నీళ్లు, ఎన్నిసార్లు మరిచిపోయారు. రెండు డ్రిప్పులు గడిచేసరికి మీ మసకకు ఒక వరస ఉందో లేదో తేలిపోతుంది. చాలామందికి డ్రిప్పు తర్వాతి కొద్ది రోజులు బరువుగా ఉండి, మూడో వారానికి తేలిక పడుతుంది. మీకూ అంతేనని తేలితే పాస్‌పోర్టు పునరుద్ధరణ, ఇంటి అద్దె ఒప్పందం, పిల్లల స్కూలు ఫారాలు మూడో వారానికి జరపండి.

మాత్రలకు వారం రోజుల డబ్బా, ఏడు అరలు, ఒక్కో అరలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి గదులున్నది కొనండి. రోజుకు 7 మాత్రలనుకుంటే వారానికి 49 సార్లు "వేసుకున్నానా లేదా" అనే ప్రశ్న తప్పుతుంది. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. శుక్రవారం సెలవు కాబట్టి ఆరోజు ఇంకొకరు దాన్ని నింపాలి. రోగి పక్కన కూర్చుని సరిచూస్తే చాలు.

వంటింట్లో ప్రమాదం మాత్రం నిజమైనది. పారదర్శకమైన షఫాఫ్ సిలిండరైనా గ్యాసు గ్యాసే. స్టవ్ వెలిగించిన చేత్తోనే ఫోన్‌లో 10 నిమిషాల అలారం పెట్టడం అలవాటు చేయాలి. ఆ 10 నిమిషాలు వంటింటి గడప దాటకూడదు. అంతకంటే మంచిది, డ్రిప్పు వారంలో స్టవ్ బాధ్యతే ఇంకొకరికి ఇవ్వడం. పక్క వాటావాళ్లు కూర పంపుతామంటే "అబ్బే, ఎందుకండీ" అనకండి. వాళ్లు పంపేది కూర ఒక్కటే కాదు, ఒక గంట ధ్యాస కూడా.

కారు నడపడం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు ధ్యాస తప్పితే 56 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. అల్ షమాల్ రోడ్డు మీద అంత ఖాళీ ఎప్పుడూ దొరకదు. డ్రిప్పు రోజున, మత్తు కలిగించే వాంతుల మందు వేసుకున్న రోజున, రాత్రి నిద్ర లేని రోజున తాళం ఇంకొకరి జేబులో ఉండాలి.

ఓటీపీ మోసాలు ఇక్కడా ఉన్నాయి. బ్యాంకు నుంచి అంటూ, మెట్రాష్ నుంచి అంటూ ఫోన్లు వస్తాయి. తొందరపెట్టి చెప్పించుకోవడమే వాళ్ల విద్య, మందగించిన ధ్యాస వాళ్లకు వరం. ఈ ఆరు నెలలు కార్డు రోజువారీ పరిమితి తగ్గించుకోండి. ఎవరు ఏ అంకె అడిగినా "మా ఆయనతో మాట్లాడండి" అనో, "మా అమ్మాయి తిరిగి చేస్తుంది" అనో పెట్టేయండి.

ఉద్యోగం చేసేవాళ్లకు ఇంకో లెక్క. ఖతర్ కార్మిక చట్టం, 2004 నాటి 14వ నంబరు చట్టం ప్రకారం, చేరిన 3 నెలల తర్వాత ఏడాదికి మొదటి 2 వారాల జబ్బు సెలవుకు పూర్తి జీతం, తర్వాతి 4 వారాలకు సగం జీతం. ఆ పైన జీతం లేని సెలవు. నెలకు 6,000 రియాళ్ల జీతమైతే మొదటి 14 రోజులకు 2,800, తర్వాతి 28 రోజులకు కూడా 2,800. అంటే జీతం దొరికేది 42 రోజులకు, మన 168లో సరిగ్గా నాలుగో వంతుకు. 12 వారాల సెలవు తర్వాత కూడా పనిలో చేరలేరని డాక్టరు రాస్తే ఉద్యోగం ముగించే వీలు యజమానికి ఉంది. 12 వారాలంటే 84 రోజులు, వైద్యంలో సగం. అందుకే సెలవంతా మొదట్లోనే ఖర్చు చేయవద్దంటాను. 16 డ్రిప్పు రోజులు, తొలి నాలుగు డ్రిప్పుల్లో ఒక్కోదానికి మరో 2 రోజులు కలిపితే 24. ఇంకా 18 రోజులు చేతిలో ఉంటాయి. ఇలా విడివిడిగా తీసుకోవడం గురించి హెచ్‌ఆర్‌తో కాగితం మీద తేల్చుకోండి. ప్రతి సెలవుకూ డాక్టరు పత్రం ఉండాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు నిబంధనలు వేరు. ఆఫీసులో పై అధికారికి జబ్బు వివరాలన్నీ చెప్పనక్కరలేదు. "కొన్ని నెలలు పనులు నోటితో కాకుండా మెయిల్‌లో చెప్పండి" అని కోరితే సగం ఇబ్బంది తీరుతుంది.

డబ్బు దగ్గర ఆగిపోయినవాళ్లకు 1997 నుంచి పనిచేస్తున్న ఖతర్ క్యాన్సర్ సొసైటీ ఉంది, స్తోమత లేని నివాసితుల వైద్యఖర్చుకు సాయం చేస్తుంది. భారత రాయబార కార్యాలయం నీడలో నడిచే ఇండియన్ కమ్యూనిటీ బెనవలెంట్ ఫోరం మనవాళ్ల కష్టాల్లో ముందుకొస్తుంది. తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ గల్ఫ్ సమితి వంటి మన సంఘాల్లో ఒక మాట వేస్తే పిల్లలను బడి నుంచి తెచ్చే మనిషి దొరుకుతారు. డబ్బు అడగడం కంటే ఇలాంటి చిన్న పని అడగడం ఇద్దరికీ తేలిక.

ఇంట్లోవాళ్లకు ఒక్కటే విన్నపం. "ఇందాకే చెప్పాను కదా" అనే మాట ఈ ఆరు నెలలు మానేయండి. ఒకసారికి ఒక్క సంగతే చెప్పండి, టీవీ కట్టేసి చెప్పండి. మాట తట్టక ఆగితే నోట్లోంచి లాగేయకుండా కాసేపు ఓపిక పట్టండి. రెండు వారాలకు పైగా ఏ పనీ ఇష్టం లేకుండా, కళ్లలో నీళ్లతో ఉంటే అది మసక ఒక్కటే కాకపోవచ్చు. కుంగుబాటు కూడా ధ్యాసను తినేస్తుంది, దానికి మాత్రం మంచి వైద్యం ఉంది. క్యాన్సర్ డాక్టరుతో చెప్పండి, లేదా మానసిక ఆరోగ్య సహాయానికి ఖతర్‌లో 16000కు ఫోన్ చేయండి.

ఇప్పటిదాకా చెప్పినదంతా నెమ్మదిగా, వారాల మీద వచ్చే మసక గురించి. గంటల్లో వచ్చే అయోమయం వేరు. ఉదయం బాగున్న మనిషి సాయంత్రానికి పగలో రాత్రో తెలియకుండా మాట్లాడినా, లేనివాళ్లు కనిపిస్తున్నారన్నా, పిలిస్తే సరిగా లేవకపోయినా అది ఇంట్లో చూసుకునేది కాదు. ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, కాల్షియం పెరగడం, కొన్ని మందుల విషప్రభావం దాని వెనక ఉండొచ్చు. జ్వరం 38 డిగ్రీలు, మన ఫారెన్‌హీట్ థర్మామీటరులో 100.4కు చేరితే అయోమయం లేకపోయినా ఆసుపత్రికి బయల్దేరాలి. తెల్లకణాలు తగ్గిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా 999. ఫోన్‌లో మొదటి మాటగా "కీమో పేషెంటు" అని చెప్పండి.

ఎన్నాళ్లుంటుంది? మన గదికే తిరిగి వెళ్తే, కీమో అయిన 6 నెలలకు "ఇంకా తగ్గుదల ఉంది" అన్నవాళ్లు 20 మందిలో 7, ఆరోగ్యవంతుల గదిలో 3. అసలు అంకెలు 36.5 శాతం, 13.6 శాతం. ఇంకా దూరం చూడాలంటే నెదర్లాండ్స్ అధ్యయనం ఉంది. 1976, 1995 మధ్య కీమో తీసుకున్న 196 మంది ఆడవాళ్లను సగటున 21 ఏళ్ల తర్వాత పరీక్షించి, క్యాన్సర్ రాని 1,509 మందితో పోల్చారు. మాటలు గుర్తుపెట్టుకోవడంలో, ఆలోచనా వేగంలో తేడా ఉంది, కానీ కొద్దిపాటిదే. ఆనాటి మందులు ఇవాళ్టివి కావు కూడా. వైద్యం తర్వాత ఏళ్ల తరబడి హార్మోను మాత్రలు వాడాల్సినవాళ్లకు ఆ మాత్రలూ కొంత కారణం కావచ్చు. అనుమానం వస్తే మాత్ర మానకుండా డాక్టరును అడగండి, మార్చడానికి వేరేవి ఉండొచ్చు. 6 నెలలు దాటినా పనికి అడ్డొచ్చేంత మసక ఉంటే "నా జ్ఞాపకశక్తిని నిపుణులతో పరీక్ష చేయించండి" అని సూటిగా అడగండి.

కొందరు సగం వైద్యంలో ఊరికి వెళ్లిపోతారు, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో బసవతారకంలోనో కొనసాగిస్తారు. విమానం ఎక్కేముందు ఇక్కడి డాక్టరు దగ్గర రాయించుకోవాల్సినవి ఉన్నాయి: ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని డ్రిప్పులయ్యాయి, చివరిది ఏ తేదీన, ఇంకా ఎన్ని మిగిలాయి, చివరి రక్తపరీక్ష. అక్కడి డాక్టరు ఇవన్నీ నోటితో అడుగుతారు, ఆ వేళ మీకు తట్టకపోవచ్చు. ఫ్రిజ్ మీది గళ్ల కాగితాన్ని ఫోటో తీసి, ఆ కాగితాల వెనకే పెట్టి, ఒక నకలు మీతో వచ్చే మనిషి సంచిలో వేయండి.